పాతకారు బ్రేకులలో గాలి తీయు విధము



మన చిలకలూరిపేట ప్రాంతమున కొన్ని యిండ్ల కొట్టములలో నేటికిని పాత అంబాసిడరు కారు ఒకటి గౌరవముగా నిలిచియున్నది. ప్రత్తికి మంచి ధర పలికిన యేట తాతగారు కొన్నదో, పొగాకు బేరము కలిసివచ్చిన యేట తండ్రిగారు కొన్నదో అయియుండును. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును మాతృకగా గొని, కలకత్తాకు చేరువనున్న ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సువారు ఈ కారును తయారుచేసిరి. 2014వ సంవత్సరమున ఆ తయారీ ఆగిపోయినది. తయారీ ఆగినను బండ్లు ఆగలేదు. పెండ్లికొమరుని ఊరేగింపునకు, ముసలివారిని గుంటూరు వైద్యునియొద్దకు గొనిపోవుటకు, కోటప్పకొండ దర్శనమునకు అవి నేటికిని బయలుదేరుచునే యున్నవి.

ఇట్టి బండిని గూర్చి నేడు ఒక్క విషయమే మనవి చేయదలచితిని. అది బ్రేకులలో చేరిన గాలిని తీయు విధము. ఇది షెడ్డులోని మెకానిక్కు చెప్పవలసిన మాటగాని బడిపంతులు చెప్పవలసినదా యని మీరడుగవచ్చును. నా చేత చిరకాలము నిలిచినది సుద్దముక్కయేగాని పానా కాదు, నిజమే. కాని ఆ బ్రేకులో నడచు వ్యవహారమంతయు పాఠశాలలో పిల్లలకు చెప్పెడి ప్రకృతిశాస్త్రమే. దానిని తెలిసిన యజమాని ప్రక్కన నిలిచినచో మెకానిక్కు పని మరింత శ్రద్ధగా సాగును.

ఈ బండ్లు నడుపువారి నోట తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. “మొదటి తొక్కుకు కాస్త దిగుద్దండీ, రెండో తొక్కుకు గట్టిగా పట్టుద్ది, భయం లేదు” అందురు. వినుటకు ధైర్యముగానే యుండును. కాని గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో ఇంచుమించు 17 మీటర్లు సాగిపోవును. పెద్దబాటపై గేదె అడ్డము వచ్చినప్పుడు, లేక పసివాడు బంతి వెంట పరుగెత్తి వచ్చినప్పుడు, రెండవ తొక్కునకు వ్యవధి యెక్కడిది? బ్రేకు అనునది మొదటి తొక్కునకే పట్టవలెను. పట్టకున్నచో దానికి కారణమును వెదుకవలెనుగాని, రెండు మారులు తొక్కుట కాలికి అలవాటు చేయరాదు. నేటి ప్రసంగమునకు సారమిదియే.

పూర్వము కార్ల బ్రేకులు ఇనుప కడ్డీలతోను తీగలతోను పనిచేసెడివి. ఒక తీగ బిగువు, వేరొకటి వదులు అయినచో బండి ఒక ప్రక్కకు లాగెడిది. నాలుగు చక్రములను సమముగా పట్టుటకు ద్రవమే మేలని పిమ్మట తెలిసికొనిరి. మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట ఒత్తిడి కలిగించినచో, ఆ ఒత్తిడి తరుగక అన్ని దిక్కులకును సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు విద్వాంసుడు పాస్కల్ నిరూపించెను. ఆ సూత్రమును ఆధారము చేసికొని 1921లో అమెరికా దేశపు డ్యూసెన్‌బర్గు కారునకు నాలుగు చక్రములయందును ద్రవపు బ్రేకులు అమర్చిరి. ఫోర్డువారు 1939వ సంవత్సరపు నమూనాతోగాని ఈ పద్ధతికి మారలేదు. పిదప వచ్చిన మన అంబాసిడరునకు మొదటినుండియు ద్రవపు బ్రేకులే.

దాని నిర్మాణము సులభముగా గ్రహింపదగినదే. కాలితో పెడలును నొక్కినప్పుడు మాస్టరు సిలిండరు అను గొట్టములోని ముషలకము ముందునకు జరుగును. ముషలకమనగా మనము పిస్టను అనునదే. దాని ముందున్న ద్రవము సన్నని లోహపు గొట్టముల వెంట నాలుగు చక్రములకును ఒత్తిడిని చేర్చును. అచ్చట చక్రపు సిలిండరులోని చిన్న పిస్టనులు బయటికి జరిగి, బ్రేకు షూలను తిరుగుచున్న డ్రమ్ము లోపలి గోడకు అదుమును. ఆ రాపిడికి బండి నిలుచును. ఇంతటి పనియు ద్రవము సంకోచింపదను నమ్మకముపై జరుగుచున్నది. ద్రవమును ఎంత అదిమినను దాని పరిమాణము తగ్గినదని చెప్పదగినంత తగ్గదు. గాలి అట్టిది కాదు. అదిమినకొలదియు కుదించుకొనిపోవుట దాని స్వభావము.

ఒక చిన్న లెక్క వేసి చూతము. మాస్టరు సిలిండరు పిస్టను వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లనియు, పెడలు మీటయొక్క బలము అయిదు రెట్లనియు అనుకొందము. కాలితో 20 కిలోల బరువు మోపినచో పిస్టనుపై 100 కిలోలు పడును. అనగా ద్రవమున చదరపు సెంటీమీటరుకు 25 కిలోల ఒత్తిడి కలుగును. ఇప్పుడు గొట్టములలో ఎచ్చటనో 4 మిల్లీలీటర్ల గాలి దాగియున్నదనుకొనుడు. అది ఒక చెంచాకైనను నిండదు. ఆ ఒత్తిడికి ఆ గాలి తన మొదటి పరిమాణములో ఇరువదియారవ వంతుకు కుదించుకొనిపోవును. అది వదలిన చోటును నింపుటకే పిస్టను ఒక సెంటీమీటరు జరుగవలెను. అందులకు పెడలు అయిదు సెంటీమీటర్లు క్రిందికి దిగవలెను. చెంచాకు చాలని గాలి మన కాలికి బెత్తెడు దూరమును వృథా చేయుచున్నది! ఇక పెడలు నేలపలకను తాకుటకు ఎంత మిగిలియుండును?

మరల మరల తొక్కినచో బ్రేకు పట్టుట ఏలయన, కాలు ఎత్తినప్పుడెల్ల పైనున్న డబ్బాలోని ద్రవము మరికొంత పిస్టను ముందునకు జారి, గొట్టములలో చేరును. కొంతసేపు ఆ అదనపు ద్రవము గాలి చేసిన లోటును కప్పిపుచ్చును. అంతమాత్రమున గాలి పోలేదు. అప్పుచేసి పండుగ చేసికొన్నవాని యిల్లు నిండుగా కనబడునట్లే, ఈ గట్టితనమును కనబడునదేగాని నిలుచునది కాదు.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. మిరపబస్తాలతో గుంటూరు యార్డునకు పోవు లారీలు గాలి బ్రేకులతోనే నడచుచున్నవిగదా, కారునకు మాత్రము గాలి శత్రువెట్లయినది? సమాధానము చెప్పెదను. లారీకి ఇంజనుతో తిరుగు కంప్రెసరు కలదు. అది గాలిని ముందుగనే కుదించి ట్యాంకులో నిలువచేయును. డ్రైవరు కాలు ఆ గాలికి తలుపు తెరచుటయేగాని దానిని అదుముట లేదు. కారులోనన్ననో పని చేయవలసినది డ్రైవరు కాలు త్రోయు కొలదిపాటి ద్రవము మాత్రమే. ఆ కొలతలో గాలి చేరినచో కొలత చెడును. వాయువు తన స్థానమున నున్నప్పుడు ప్రాణమనియు, స్థానము తప్పినప్పుడు రోగమనియు మన వైద్యులు చెప్పెడి మాట ఇచ్చటను చెల్లును.

మన రైతులకు ఈ సంగతి క్రొత్తది కాదు. ఆయిలింజనులో డీసెలు పూర్తిగా అయిపోయి గాలి పట్టినప్పుడు ఏమి చేయుదురు? ఫిల్టరుపైని మరను వదులుచేసి, చేతిమీటను కొట్టుచు, బుడగలు పోయి డీసెలు తెగని ధారగా వచ్చిన పిమ్మట మరను బిగింతురు. బ్రేకులలో గాలి తీయుటయు ఆ జాతి పనియే. కాని ఇంజను కదలకున్నచో చేనికి నీరు ఒకపూట ఆలస్యమగును. బ్రేకు పట్టకున్నచో ప్రాణమునకే మోసము వచ్చును. కావున ఇందు శ్రద్ధ నూరురెట్లు కావలెను.

గాలి తీయుటకు పూర్వము, రోగము గాలిదేనా యని పెడలునే అడుగవలెను. అది మూడు విధములుగా బదులు చెప్పును. నొక్కినప్పుడు తడిసిన దూదివలె మెత్తగా నుండి, వదలిన స్ప్రింగువలె పైకి తన్నినచో లోపల గాలి చేరినదని యర్థము. పెడలు గట్టిగనే యుండియు చాలదూరము దిగినచో, షూలు అరిగి డ్రమ్మునకు దూరమైనవని యర్థము. అప్పుడు షూలను సరిచేయవలెనుగాని గాలి తీసిన ప్రయోజనము లేదు. ఇక కాలు కదల్చక నొక్కిపట్టినను పెడలు మెల్లమెల్లగా క్రిందికి జారిపోవుచున్నచో, ఎచ్చటనో ద్రవము కారుచున్నదని గాని, మాస్టరు సిలిండరులోని రబ్బరు కప్పు అరిగినదని గాని తెలియవలెను. ఈ మూడవది మిక్కిలి అపాయకరము. అది బాగగువరకు బండిని కొట్టము దాటింపరాదు.

గాలియే యని తేలినను, అది ఎట్లు చొచ్చినదో తెలియవలెను. మరమ్మతునకై గొట్టములు విప్పినప్పుడు చొచ్చియుండవచ్చును. డబ్బాలో ద్రవము అడుగంటినప్పుడు చొచ్చియుండవచ్చును. ఈ రెండు కారణములును లేక గాలి చేరినచో, నాలుగు చక్రముల లోపలి ప్రక్కలను, హోసుపైపులను, గొట్టముల కీళ్లను తడి యున్నదేమో వెదుకుడు. పాతకార్లలో నాలుగు చక్రములకును ఒకే మాస్టరు సిలిండరు, ఒకే ద్రవమార్గము. ఒక్కచోట కారినచో నాలుగు బ్రేకులును ఒక్కమారే పోవును. హ్యాండుబ్రేకు మాత్రము తీగతో పనిచేయును గనుక అది వేరుగా మిగులును. అందుచేత దానిని సదా బిగువుగా నుంచుట పెద్దలకు తగిన జాగ్రత్త.

ఇక పద్ధతి. బండిని చదునైన చోట నిలిపి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మి బండి క్రింద దూరరాదు. గట్టి స్టాండ్లు మోపవలెను. ద్రవపు డబ్బా కొన్ని బండ్లలో బానెట్టు క్రిందను, కొన్నింట డ్రైవరు కాళ్ల క్రింది నేలపలకకు అడుగునను ఉండును. మూత తీయుటకు ముందు చుట్టునున్న దుమ్మును చక్కగా తుడువవలెను. ప్రతి చక్రమువెనుక చిన్న బోలుమర యొకటి యుండును. దానిని మెకానిక్కులు నిప్పిలు అందురు. దాని తుప్పును తీగబ్రష్షుతో గీకి, తుప్పువదలు నూనెను పైమొదట మాత్రము వేసి, కొంతసేపు నాననిచ్చి, తుడిచి, సరియైన కొలతగల పానాతో మెల్లగా కదల్పవలెను. బలము చూపినచో అది విరిగి, చక్రపు సిలిండరునే మార్చవలసివచ్చును.

ఈ పనికి ఇద్దరు కావలెను. ఒకరు పెడలుకడ, ఒకరు చక్రముకడ. నిప్పిలునకు లోపలిది కనబడు ప్లాస్టిక్కు గొట్టమును బిగువుగా తొడిగి, దాని రెండవ కొనను, కొంచెము క్రొత్త ద్రవము పోసిన గాజుసీసాలో మునుగునట్లు ఉంచవలెను. గొట్టము నిప్పిలునుండి మొదట పైకి లేచి పిదప సీసాలోనికి వంగినచో, బుడగలు వెనుకకు రాక పైకే పోవును. మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరమైన చక్రముతో మొదలుపెట్టవలెను. కుడివైపున స్టీరింగుగల మన బండ్లలో అది సాధారణముగా ఎడమ వెనుక చక్రము. తరువాత కుడి వెనుకది, పిదప ఎడమ ముందుది, తుదకు కుడి ముందుది. బండితో వచ్చిన పుస్తకమున వేరు క్రమము చెప్పియున్నచో దానినే పాటింపవలెను.

చక్రముకడనున్నవాడు “తొక్కు” అనవలెను. పెడలుకడనున్నవాడు నెమ్మదిగా నొక్కి, పట్టి, “పట్టితిని” అనవలెను. అప్పుడు నిప్పిలును అరచుట్టు వదలినచో ద్రవమును గాలియు గొట్టములోనికి వచ్చును, పెడలు దిగును. దిగినను కాలు ఎత్తరాదు. నిప్పిలు బిగించి “ఎత్తు” అనిన తరువాతనే కాలు ఎత్తవలెను. ఈ క్రమము తప్పి, నిప్పిలు తెరచియుండగా కాలు ఎత్తినచో, బయటి గాలి మరల లోనికి పీల్చబడును. గంటసేపటి శ్రమ వ్యర్థమగును. కావున ఇందు బలముకంటె మాటకు మాట కుదురుట ముఖ్యము. తండ్రి పెడలుకడను, కొడుకు చక్రముకడను ఉన్నచో, ఆ గంటసేపు తండ్రియు కొడుకు మాటనే వినవలసియుండును!

బుడగలు పూర్తిగా నిలిచి, తేటయైన ద్రవము వచ్చువరకు ఇట్లు చేయవలెను. వడివడిగా తొక్కినచో ద్రవము నురుగెత్తి, పెద్దబుడగ నూరు చిన్నబుడగలై చిక్కును. పాత సిలిండరులో పిస్టను నిత్యము తిరుగని లోపలి భాగమున తుప్పు పేరుకొనియుండును. పెడలును నేలవరకు తొక్కినచో రబ్బరు కప్పులు ఆ తుప్పుపై రాచుకొని చిరుగును. పెడలు క్రింద చిన్న కొయ్యముక్క పెట్టుట దానికి నివారణ. నాలుగైదు తొక్కులకొకసారి డబ్బాలోని మట్టమును చూచి నింపుచుండవలెను. అది అడుగంటినచో కథ మరల మొదటికి వచ్చును.

ఒంటరిగా నున్నవానికిని మార్గములు కలవు. నిప్పిలు తెరచి, డబ్బా నింపుచు, ద్రవమును తన బరువుచేత బొట్లుబొట్లుగా కారనిచ్చుట మొదటిది. ఇది ఆలస్యమైనను మొండిగాలి లేనిచోట ఫలించును. ముందునకే తెరచుకొను చిన్న కవాటముగల గొట్టమును నిప్పిలునకు తొడిగి, తానే పెడలు తొక్కుట రెండవది. డబ్బా మూతపై నుండి కొలదిపాటి గాలి ఒత్తిడిచే ద్రవమును త్రోయు పరికరము మూడవది. ఆ ఒత్తిడి దానిని చేసినవారు చెప్పిన హద్దు మీరరాదు. చేతిపంపుతో నిప్పిలువద్దనుండి పీల్చుట నాలుగవది. ఇందొక భ్రమ కలదు: మరచుట్ల సందునుండి బయటిగాలియు పీల్చబడి, లోపలి బుడగలవలె కనబడుచుండును. క్రింది నిప్పిలునుండి పిచికారీతో క్రొత్త ద్రవమును పైకి ఎక్కించుట అయిదవది. గాలి సహజముగా పైకే పోవును గనుక మొండిగాలికి ఇది మంచి మందు. అప్పుడు డబ్బా పొర్లకుండ చూచుకొనవలెను. వీనిలో ఏది చేసినను, తుది పరీక్ష పెడలుదే.

ద్రవమును గూర్చి ఒక హెచ్చరిక. లోకమున దీనిని బ్రేకు ఆయిలు అందురు. పేరు ఆయిలేగాని వస్తువు నూనె కాదు. పేరును నమ్మి ఇంజను ఆయిలునో కిరసనాయిలునో పోసినచో, లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి చెడిపోవును; మాస్టరు సిలిండరు మొదలు అన్నిటిని విప్పవలసివచ్చును. బండి పుస్తకము చెప్పిన రకమునే, మూత విప్పని క్రొత్త డబ్బానుండి పోయవలెను. సీసాలో దిగిన పాత ద్రవమును మరల వాడరాదు. సిలికాను రకపు ద్రవమును మామూలుదానితో కలుపరాదు. రంగుపై పడినచో అది రంగును తినివేయును. వెంటనే నీళ్లతో కడుగవలెను.

ఈ మామూలు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. డాట్ 3 అను రకము క్రొత్తగా నున్నప్పుడు కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడుగాని మరుగరాదని నియమము. నూటికి నాలుగు పాళ్లకు తక్కువయైన నీరు చేరినంతనే, ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోవును. దీని ఫలము సమభూమిలో తెలియదు. కోటప్పకొండ ఘాటురోడ్డు దిగునప్పుడు తెలియును. దారిపొడుగున బ్రేకుపై కాలుంచి దిగినచో డ్రమ్ములు కాగును. వాటి వేడి సిలిండరునకు పాకును. ద్రవములోని నీరు ఆవిరియగును. ఆ ఆవిరియు గాలివలెనే కుదించుకొనును. ఎక్కునప్పుడు గట్టిగా నున్న పెడలు దిగునప్పుడు హఠాత్తుగా మెత్తబడుట ఇందువలననే. కావున బండి తిరిగినను తిరుగకున్నను రెండేండ్లకొకసారి ద్రవమంతయు మార్చుట మంచిది. కొండ దిగునప్పుడు తక్కువ గేరులో దిగి, ఇంజను పట్టునే బ్రేకుగా వాడుకొనుట అంతకంటె మంచిది.

పని ముగిసిన పిమ్మట నిప్పిళ్లన్నిటిని బిగించి, తుడిచి, మూతలు తొడిగి, పెడలును బలముగా ఒక నిమిషము నొక్కిపట్టవలెను. పెడలు జారరాదు; ఎచ్చటను తడి కనబడరాదు. తరువాత జనములేని చోట నడకవేగమున బండిని నడపి, నిలిపి చూడవలెను. బండి ఏ ప్రక్కకును లాగక మొదటి తొక్కునకే నిలిచినచో, అప్పుడు పెద్దబాట ఎక్కవచ్చును. చేయుటకు ధైర్యము చాలనివారు తెలిసిన మెకానిక్కుచేతనే చేయించుడు. కాని ప్రక్కన నిలిచి, నాలుగు చక్రములును అయినవా, ద్రవము క్రొత్తదేనా, గాలి ఎట్లు వచ్చినదో తెలిసినదా యని మూడు ప్రశ్నలు అడుగుడు.

మీ యింట పాతకారు నడపు కొడుకుగాని మనుమడుగాని ఉన్నచో, రేపు ప్రొద్దున బండి తీయుటకు ముందు పెడలును ఒక్కమారు నొక్కి చూడుమని చెప్పుడు. అది మెత్తగా నున్నచో బండిని కదలనీయక, ఆనాటి ప్రయాణమును బస్సులో సాగింపుడు. పెద్దవారి మాటకు ఇంటిలో ఇంకను విలువ గలదు గనుక, ఆ విలువను ఈ పనికి వినియోగింపుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.